ఆఫీసు పార్కింగ్‌లో బండికి దెబ్బ తగిలితే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?



ఈరోజు మాట్లాడుకునే విషయం బండి మీద ఉద్యోగానికి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. పొద్దున సెల్లార్‌లో బండి పెట్టి పైకి వెళ్తారు. సాయంత్రం దిగేసరికి డోరు మీద మూరెడు గీత, లేకపోతే బంపర్‌కి సొట్ట, లేకపోతే స్కూటీ పక్కకి పడిపోయి అద్దం పగిలి ఉంటుంది. సెక్యూరిటీ అన్నని అడిగితే "నాకు తెలీదు సార్, నా డ్యూటీ ఇప్పుడే మొదలైంది" అంటాడు. అడ్మిన్ వాళ్లని అడిగితే గోడ మీద బోర్డు చూపిస్తారు. "పార్కింగ్ అట్ ఓనర్స్ రిస్క్" అని ఉంటుంది. అంటే, నీ బండి, నీ బాధ్యత అని.

ఆ బోర్డు చూడగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు. "రాసిపెట్టారుగా, ఇంకేం చేస్తాం" అని సొంత డబ్బుతో టింకరింగ్, పెయింటింగ్ చేయించుకుంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి పది పన్నెండు వేలు అంటే చిన్న మాట కాదు కదా.

నేను చెప్పొచ్చేది ఏంటంటే, ఖర్చు ఎవరిదో తేల్చేది ఆ బోర్డు ఒక్కటే కాదు. రెండు ప్రశ్నలు తేలుస్తాయి. ఒకటి, దెబ్బ తగిలినప్పుడు బండి తాళం ఎవరి చేతిలో ఉంది? రెండు, ఎవరి నిర్లక్ష్యం వల్ల తగిలింది? ఈ రెండిటికీ జవాబు దొరికితే ఎవరిని అడగాలో తెలిసిపోతుంది. జవాబు దొరకాలంటే మాత్రం మొదటి గంటలో మీరు చేసే పని ముఖ్యం. ఒక్కొక్కటీ చూద్దాం.

తాళం ఇచ్చారా, ఇవ్వలేదా?

మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది. అందులో 148వ సెక్షన్ నుంచి "బెయిల్‌మెంట్" అని ఒక విషయం ఉంటుంది. పేరు కొత్తగా ఉన్నా సంగతి మనకి తెలిసిందే. ఒక వస్తువుని ఒక పని కోసం వేరేవాళ్లకి అప్పగిస్తాం, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు, రిపేరుకి ఇచ్చిన ఫోను అన్నీ ఇదే లెక్క. అలా తీసుకున్నవాళ్లు ఆ వస్తువుని, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. 151వ సెక్షన్ చెప్పేది ఇదే. అంత జాగ్రత్త తీసుకున్నా కూడా నష్టం జరిగితే వాళ్ల తప్పు ఉండదని 152 చెబుతుంది.

ఇప్పుడు పార్కింగ్‌కి వద్దాం. ఆఫీసు దగ్గర వాలే ఉండి, మీరు తాళం వాళ్ల చేతిలో పెట్టి, టోకెన్ తీసుకుని పైకి వెళ్లారనుకోండి. బండి అప్పగించినట్టే. అది వాళ్ల కస్టడీలో ఉంది. ఆ టైములో గీత పడినా, పోయినా, "మేం జాగ్రత్తగానే చూశాం, మా తప్పు లేదు" అని చూపించుకోవాల్సిన భారం వాళ్ల మీద పడుతుంది.

అదే మీరే నడుపుకుంటూ వెళ్లి, మీకు నచ్చిన చోట పెట్టి, తాళం జేబులో వేసుకుని లిఫ్ట్ ఎక్కారనుకోండి. అప్పుడు బండిని ఎవరికీ అప్పగించలేదు. కంపెనీ మీకు బండి పెట్టుకోవడానికి జాగా ఇచ్చింది, అంతే. మన ఆఫీసుల్లో ఎక్కువ శాతం పార్కింగ్ ఈ రకమే. గేటు దగ్గర సెక్యూరిటీ ఉన్నంత మాత్రాన మీ బండికి వాళ్లు కాపలా ఒప్పుకున్నట్టు కాదు.

తేడా అర్థమైంది కదా? ఒకే సెల్లార్, ఒకే బోర్డు. కానీ తాళం ఎవరి దగ్గర ఉందన్నదాన్ని బట్టి లెక్క పూర్తిగా మారిపోతుంది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

దీని మీద ఒక మంచి తీర్పు ఉంది. ఆఫీసుది కాదు, హోటల్‌ది. కానీ సూత్రం మనకి పనికొస్తుంది.

1998 ఆగస్టు 1. ఢిల్లీలో తాజ్ మహల్ హోటల్‌కి ఒకాయన రాత్రి తన మారుతి జెన్‌లో వెళ్లారు. తాళం వాలే చేతికిచ్చి లోపలికి వెళ్లారు. అర్ధరాత్రి దాటాక వచ్చి అడిగితే, కారు వేరేవాళ్లు తీసుకుని వెళ్లిపోయారన్నారు. జరిగింది ఏంటంటే, ముగ్గురు కుర్రాళ్లు వేరే కారులో హోటల్‌కి వచ్చారు. వెళ్లేటప్పుడు తమ కారు తెప్పించమన్నారు. ఆ హడావుడిలో వాళ్లలో ఒకడు డెస్క్ మీద నుంచి ఈ జెన్ తాళం తీసుకుని కారుతో ఉడాయించాడు.

ఇన్సూరెన్స్ కంపెనీ కారు యజమానికి 2 లక్షల 80 వేలు ఇచ్చింది. తర్వాత ఇద్దరూ కలిసి హోటల్ మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లారు. హోటల్ చెప్పిన సమాధానం మనం రోజూ వినేదే. "పార్కింగ్ ట్యాగ్ మీద రాసే ఉంది, మీ సొంత రిస్క్ మీద పెట్టుకోవాలని."

2019 నవంబర్ 14న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తాళం తీసుకున్నాక అది బెయిల్‌మెంటే అంది. ట్యాగ్ మీద ఏం రాసుకున్నా, తన నిర్లక్ష్యం నుంచి, తన సిబ్బంది నిర్లక్ష్యం నుంచి హోటల్ తప్పించుకోలేదు అంది. ముందు హోటల్ తన వైపు తప్పు లేదని వివరణ ఇచ్చుకోవాలి, ఆ తర్వాతే ఆ రాతని అడ్డం పెట్టుకునే మాట వస్తుంది. తాళాలు ఎవరైనా తీసుకునేలా డెస్క్ మీద వదిలేయడం నిర్లక్ష్యం కాక ఇంకేంటి?

దీన్నుంచి మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటి. "ఓనర్స్ రిస్క్" అన్న రాత ఎవరి తప్పూ లేకుండా జరిగిన నష్టానికి వాళ్లని కాపాడొచ్చు. కానీ అప్పగించిన బండిని నిర్లక్ష్యంగా చూస్తే ఆ రాత గొడుగులా పట్టుకోలేరు.

మన సెల్లార్లలో ఒక ప్రత్యేకమైన పద్ధతి

హైదరాబాద్‌లో చాలా సెల్లార్లలో జాగా చాలదు. ఒక కారు వెనక ఇంకో కారు పెట్టిస్తారు. అప్పుడు సెక్యూరిటీ రెండింటిలో ఒకటి చెబుతాడు. "సార్, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా వెళ్లండి, మేం తోసుకుంటాం" అంటాడు. లేదా "తాళం ఇచ్చి వెళ్లండి, ముందు బండి వాళ్లు వస్తే నేనే తీస్తాను" అంటాడు.

రెండూ మీకు కొత్త కాదు. కానీ ఇక్కడ విషయం మారింది. వాళ్ల ఏర్పాటు ప్రకారం, వాళ్లు కదుపుతారన్న ఒప్పందం మీద మీరు బండి వదిలారు. తోస్తూ స్తంభానికి కొడితే అది వాళ్ల పని వల్ల జరిగిన నష్టం. సెక్యూరిటీ ఏజెన్సీ, ఆ ఏజెన్సీని పెట్టుకున్న మేనేజ్‌మెంట్ జవాబు చెప్పాలి.

తాళం ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. బండి తీసే మనిషికి డ్రైవింగ్ లైసెన్స్ ఉందా? లైసెన్స్ లేని మనిషి నడుపుతుండగా దెబ్బ తగిలితే, మీ ఇన్సూరెన్స్ కంపెనీ మీ క్లెయిమ్‌ని తిరస్కరించొచ్చు. పాలసీలోనే "నడిపేవాళ్లకి చెల్లే లైసెన్స్ ఉండాలి" అన్న షరతు ఉంటుంది. కాబట్టి తాళం ఇవ్వక తప్పని చోటు అయితే, బండ్లు తీయడానికి లైసెన్స్ ఉన్న మనిషినే పెట్టమని అందరూ కలిసి అడ్మిన్‌కి ఒక మెయిల్ పెట్టండి.

తాళం మీ జేబులోనే ఉంటే?

అప్పుడు రెండో ప్రశ్న. నిర్లక్ష్యం ఎవరిది? ఇక్కడ కొన్ని సందర్భాలు చూద్దాం.

మొదటిది, బిల్డింగ్ వల్ల నష్టం. గేటు దగ్గర లేచే బార్ సెన్సర్ పాడై మీ కారు మీద పడింది. సీలింగ్ పెచ్చు ఊడి బానెట్ మీద పడింది. పైపు కారి సున్నం నీళ్లు రంగు మీద మరకలు కట్టాయి. ఇవి మీ తప్పులు కావు, గాలివాన తప్పులు కావు. ఆ జాగాని బాగు చూసుకోవాల్సినవాళ్ల తప్పు. ఇక్కడ బోర్డు చూపించి తప్పించుకోవడం కష్టం.

కానీ ఆ "చూసుకోవాల్సినవాళ్లు" ఎవరు? ఒక పెద్ద ఆఫీసు బిల్డింగ్‌లో నలుగురు ఉంటారు. బిల్డింగ్ యజమాని, అద్దెకున్న మీ కంపెనీ, మెయింటెనెన్స్ చూసే ఏజెన్సీ, సెక్యూరిటీ ఏజెన్సీ. ఒకరిని అడిగితే ఇంకొకరి మీదకి తోసేస్తారు. అందుకని మీ మెయిల్ ముందు మీ కంపెనీ అడ్మిన్‌కి పెట్టి, బిల్డింగ్ మేనేజ్‌మెంట్‌ని కూడా కాపీలో పెట్టండి. బార్ మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఎవరిదో వాళ్లకి తెలుసు, మీకు తెలియాల్సిన పని లేదు.

ఇంకో విషయం. "ఈ పైపు కారుతోంది", "ఈ బార్ సరిగా పనిచేయట్లేదు" అని ఇంతకుముందు ఎవరైనా మెయిల్ పెట్టి ఉంటే అది బంగారం లాంటి సాక్ష్యం. తెలిసి కూడా బాగుచేయించలేదు అని తేలుతుంది. అందుకే చిన్న సమస్య కనిపించినా నోటితో చెప్పి వదిలేయకుండా ఒక లైను రాసి పంపండి.

రెండోది, ఇంకో ఉద్యోగి బండి వల్ల నష్టం. పక్క కారాయన రివర్స్ చేస్తూ మీ డోరుకి తగిలించాడు. బాధ్యత ఆయనది, కంపెనీది కాదు. ఆయన చేతి డబ్బు ఇవ్వొచ్చు. లేదా ఆయన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి రాబట్టొచ్చు. కారు పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి మామూలుగా 7 లక్షల 50 వేల వరకు, బైకు పాలసీలో లక్ష వరకు కవర్ ఉంటుంది. అయితే ఈ దారిలో మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ఆస్తి నష్టం 2,000 రూపాయలు దాటితే సివిల్ కోర్టుకైనా వెళ్లొచ్చు. పది వేల గీత కోసం ఎవరు తిరుగుతారు? అందుకే ఆచరణలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడమే ఎక్కువ.

మూడోది, కంపెనీ బస్సో, క్యాబో, మెటీరియల్ తెచ్చిన వ్యానో తగిలించింది. డ్రైవర్ డ్యూటీలో ఉండగా చేసిన తప్పుకి అతన్ని పనిలో పెట్టుకున్నవాళ్లు జవాబుదారీ. అది పాత, స్థిరమైన సూత్రం. డ్రైవర్‌తో గొడవ పడక్కర్లేదు. బండి నంబరు, టైము రాసుకుని ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి వెళ్లండి.

నాలుగోది, ఎవరో కావాలని తాళంతో గీసి వెళ్లారు. కావాలని చేస్తే అది నేరం. భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్ కిందకి వస్తుంది. పోలీసులకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. పొరపాటున తగిలితే మాత్రం ఆ సెక్షన్ వర్తించదు. ఉద్దేశం ఉండాలి, లేదా నష్టం జరుగుతుందని తెలిసి చేసి ఉండాలి.

వాన, గాలి, చెట్టు

ఇప్పుడు ఎవరి తప్పూ లేని నష్టం. ఈదురుగాలికి చెట్టు కొమ్మ విరిగి కారు మీద పడింది. మామూలుగా ఇది కంపెనీ బాధ్యత కాదు. కానీ ఆ చెట్టు ఎండిపోయి ఆరు నెలలైంది, కొట్టించమని స్టాఫ్ రెండుసార్లు మెయిల్ పెట్టారు అనుకోండి. అప్పుడు గాలి మీద నెపం పెట్టడం అంత తేలిక కాదు.

సెల్లార్‌లోకి నీళ్లు రావడం మనకి బాగా తెలిసిన కష్టం. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం. ఇక్కడ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చెయ్యొద్దు. సెల్ఫ్ కొట్టొద్దు, కిక్ కొట్టొద్దు. పూర్తి పాలసీ ఉంటే వరద నష్టం కవర్ అవుతుంది. కానీ ఇంజిన్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేసి ఇంజిన్ పట్టేస్తే, "అది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల" అని ఆ భాగం కోసేస్తారు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ ఉంటేనే అది వస్తుంది. బండిని తోసుకుంటూ గాని, టో చేయించి గాని షెడ్డుకి చేర్చండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునే ముందు

ఇక్కడ కుర్రాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు ఒకటుంది. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త బైకు కొంటే 5 ఏళ్ల థర్డ్ పార్టీ, కొత్త కారు కొంటే 3 ఏళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. పేపరు మీద 5 ఏళ్లు అని కనపడుతుంది. కానీ షోరూమ్‌లో ఎక్కువగా ఇచ్చేది 5 ఏళ్ల థర్డ్ పార్టీ, 1 ఏడాది ఓన్ డ్యామేజ్. థర్డ్ పార్టీ అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. మీ బండికి జరిగే నష్టానికి ఓన్ డ్యామేజ్ కావాలి. ఏడాది తిరిగాక అది రెన్యూ చేయకపోతే, సెల్లార్‌లో మీ బైకు కాలిపోయినా, పోయినా రూపాయి రాదు. ఓన్ డ్యామేజ్ ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు. ఈ వీడియో అయ్యాక ఒకసారి మీ పాలసీ తెరిచి, ఓన్ డ్యామేజ్ పక్కన ఏ తేదీ ఉందో చూడండి.

సరే, ఓన్ డ్యామేజ్ ఉంది. చిన్న దెబ్బకి క్లెయిమ్ చేయాలా? లెక్క వేద్దాం.

ఒక కారు బంపర్ మార్చాలి అనుకుందాం. బంపర్ 6,000, పెయింటింగ్ 4,000, లేబర్ 1,500. మొత్తం 11,500. పన్ను పక్కన పెడదాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి సగం తరుగు తీస్తారు, అంటే 3,000 పోయింది. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతుని రంగు ఖర్చుగా లెక్కేసి అందులో సగం తీస్తారు, అంటే 500. మిగిలింది 8,000. ఇంజిన్ 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సింది 1,000. చేతికి వచ్చేది 7,000. జీరో డెప్ యాడ్-ఆన్ ఉంటే ఆ తరుగు కోత ఉండదు.

ఇప్పుడు పోయేది చూడండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడిపోతుంది. మీరు ఇప్పుడు 45లో ఉన్నారు, వచ్చే ఏడాది 50 రావాలి. డిస్కౌంట్‌కి ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుందాం. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది 4,000 ఎక్కువ కడతారు. ఆపై ఏడాది 20 శాతమే ఉంటుంది కాబట్టి 2,400 ఎక్కువ. తర్వాత 2,000, తర్వాత 1,200, తర్వాత 400. మొత్తం 10,000. బండి పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజంలో ఇంకాస్త తక్కువే అవుతుంది. అయినా 7,000 కోసం దాదాపు అంతకి అంత వదులుకున్నట్టు. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉంటే లెక్క వేరు.

అందుకే పెద్ద దెబ్బ అయితే క్లెయిమ్ చేయండి. చిన్నదైతే ముందు తప్పు చేసినవాళ్ల దగ్గర అడగండి. ఎవరి తప్పో రుజువు చేయడం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలిసింది కదా. అది తేలకపోతే నష్టం ఏదో రూపంలో మీ జేబుకే వస్తుంది.

ఇంకోటి. కారులో పెట్టిన ల్యాప్‌టాప్ పోతే బండి ఇన్సూరెన్స్‌లో రాదు. బైకుకి బిగించిన యాక్సెసరీలు మాత్రమే పోయి బైకు ఉంటే అవీ రావు.

మొదటి గంటలో ఏం చేయాలి?

బండి కదపకముందే ఫొటోలు తీయండి. దెబ్బ దగ్గరగా ఒకటి, నంబర్ ప్లేటు కనపడేలా ఒకటి, చుట్టూ ఉన్న బండ్లు, స్తంభం నంబరు కనపడేలా ఒకటి. పక్క బండి మీద మీ బండి రంగు అంటి ఉంటే అది కూడా.

తర్వాత కింద ఉన్న సెక్యూరిటీ రిజిస్టర్‌లో టైముతో రాయించండి. ఆ పేజీ ఫొటో తీసుకోండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. సీసీటీవీ. చాలా చోట్ల కొన్ని రోజులకే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది. అదే రోజు అడ్మిన్‌కి మెయిల్ పెట్టండి. ఇలా రాస్తే చాలు. "ఈరోజు ఉదయం 9:10 నుంచి సాయంత్రం 6:30 మధ్య సెల్లార్ 2లో, ఫలానా స్తంభం దగ్గర నా బండికి నష్టం జరిగింది. ఆ టైము ఫుటేజీని చెరిపేయకుండా భద్రపరచండి. పరిశీలించి ఎవరి వల్ల జరిగిందో తెలపండి." ఫుటేజీ కాపీ మీకు ఇవ్వం అనొచ్చు, అందులో వేరేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి. కానీ మీరు అడిగింది కాపీ కాదు, భద్రపరచమని. పోలీస్ ఫిర్యాదు ఉంటే పోలీసులు నోటీసిచ్చి తీసుకోగలరు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలనుకుంటే వెంటనే వాళ్లకి చెప్పండి. సర్వేయర్ చూడకముందు రిపేరు చేయించొద్దు. బండే పోతే ముందు పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్, ఆ తర్వాత ఇన్సూరెన్స్. ఆలస్యం చేయొద్దు.

పక్కవాళ్లతో రాజీ పడితే ఎంత, ఎందుకు అని ఒక వాట్సాప్ మెసేజ్ అయినా ఉండాలి. వాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, అదే దెబ్బకి మళ్లీ ఇన్సూరెన్స్‌లో అడగకూడదు.

మరి తగిలించింది మీరే అయితే? చీటీ మీద పేరు, నంబరు రాసి వైపర్ కింద పెట్టండి, సెక్యూరిటీకి చెప్పండి. కెమెరా ఎలాగూ ఉంది. పెద్ద నష్టం అయి ఇన్సూరెన్స్ ద్వారా కట్టించాలనుకుంటే మాత్రం, మీ కంపెనీకి చెప్పకుండా "మొత్తం నాదే తప్పు, అంతా కడతాను" అని రాసివ్వొద్దు. పాలసీ షరతుల్లో అది ఉంటుంది.

కాదంటే ఎక్కడికి వెళ్లాలి?

ఇన్సూరెన్స్ కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు వాళ్ల ఫిర్యాదుల విభాగానికి రాయండి. బీమా భరోసా పోర్టల్‌లో కూడా పెట్టొచ్చు. నెలలోపు తేలకపోయినా, తిరస్కరించినా, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

బిల్డింగ్ వాళ్ల మీద అయితే, పార్కింగ్‌కి డబ్బు కడుతున్నారా లేదా అన్నది చూడాలి. నెలకింత అని కడుతుంటే మీరు వినియోగదారులు. వినియోగదారుల కమిషన్ దారి ఉంది, సలహాకి 1915 హెల్ప్‌లైన్ ఉంది. ఉచిత పార్కింగ్ అయితే ఆ దారి కష్టం, ఎందుకంటే ఉచిత సేవ ఆ చట్టంలోకి రాదు. అప్పుడు లీగల్ నోటీసు, సివిల్ కోర్టు మిగులుతాయి. దానికంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిన్న మొత్తాలకి అది మంచి దారి.

ఆ సెక్యూరిటీ అన్న సంగతి

చివరిగా ఒక మాట చెప్పాలి. ఇలాంటి గొడవ జరిగినప్పుడు చాలా చోట్ల తేలిగ్గా దొరికేది గేటు దగ్గర నిలబడే మనిషే. "ఇతని జీతంలో కోసేయండి" అంటారు. నెలకి ఆయనకి వచ్చేది ఎంత, మీ బంపర్ ఖర్చు ఎంత?

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. వేతనాల చట్టం ప్రకారం నష్టానికి జీతం కోయాలంటే, ఆ వస్తువుని ఆయన కాపలాకి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి. ఆ నష్టం నేరుగా ఆయన నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. కోసే ముందు ఆయన చెప్పేది వినాలి. రెండు వందల బండ్లున్న సెల్లార్‌లో ఎవరో గీసిపోయిన గీతకి, తాళం మీ జేబులో ఉన్న బండికి, ఇవేవీ వర్తించవు. మీరు ఫిర్యాదు రాసేటప్పుడు మనిషి మీద కాకుండా, ఏజెన్సీ పేరు మీద, మేనేజ్‌మెంట్ పేరు మీద రాయండి. బాధ్యత అక్కడ ఉంది, కట్టగలిగే స్థోమత కూడా అక్కడే ఉంది. పైగా రేపు ఫుటేజీలో కనపడనిది చూసి చెప్పగలిగే సాక్షి కూడా ఆయనే కావొచ్చు.

సరేనండి, ఇదీ విషయం. మీ ఆఫీసులో పార్కింగ్ స్టిక్కర్ ఇచ్చేటప్పుడు ఏదైనా ఫారం మీద సంతకం పెట్టించుకుని ఉంటే అది తీసి చదవండి. అందులో తాళం ఇవ్వమని ఉందా, వాలే గురించి ఏం ఉంది, నష్టం గురించి ఏం రాశారు అని చూడండి. అర్థం కాని మాట ఉంటే కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి, నమస్తే.